అమ్మా, 2050లో ఏం వ్యాపారం చెయ్యాలి?

రాత్రి తొమ్మిదిన్నర. గిన్నెలు కడిగి బోర్లించేసి, రేపటి ఇడ్లీకి పిండి కలిపి, హమ్మయ్య... ఇక నడుం వాలుద్దాం అనుకునే వేళకి పిల్లలు పుస్తకాల సంచీ ముందేసుకుని మెల్లగా మొదలుపెడతారు. "అమ్మా! రేపు చార్టు తీసుకెళ్ళాలి." "అమ్మా! ఎల్లుండి నాకు ఆకుపచ్చ చీర కావాలి, నేను చెట్టు వేషం." ప్రతి ఇంట్లోనూ వుండే భాగోతమే ఇది.

కిందటేడు శివరాత్రి రోజుల్లో విజయవాడలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. దాని కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. సరిగ్గా అలాంటి వేళకే డైరీలోంచి ఒక చీటీ తీసి తల్లి చేతిలో పెట్టింది. '2050లో మన వూరి వాతావరణం - అప్పుడు నేను చేసే వ్యాపారం'. ఐదు నిమిషాలు మాట్లాడాలిట. చూసి చదవకూడదుట. తరవాత పిల్లలు ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పాలిట.

"మా రోజుల్లో 'ఆవు' మీద వ్యాసం రాయమనేవారు. అది సాధుజంతువు అని మొదలుపెడితే సగం పేజీ నిండేది. ఇప్పుడు ఇదేం ఖర్మే!" అని మా చెల్లెలు తల పట్టుకుంది.

నవ్వొచ్చింది గానీ, నిజం చెప్పొద్దూ, ఆ చీటీ నాకు నచ్చింది. పిల్లల చేత రేపటి కాలాన్ని వూహించి చెప్పించడం, అందులోనూ అప్పుడు ఎవరు ఏం చేసి బతుకుతారో చెప్పించడం చిన్న విషయం కాదు. వ్యాసాలూ, క్విజ్‌లూ మనకి అలవాటే. ఇలా చిన్న చిన్న ప్రసంగాలు చేయించడం ఈమధ్య స్కూళ్ళలో, కాలేజీల్లో బాగా పెరిగింది. పిల్ల మాట్లాడేది ఐదు నిమిషాలే, కానీ దానికి ముందు ఇంట్లో నాలుగు రోజులు హడావిడి!

అమ్మాయి ఫోను చూసి అరగంటలో రాసేసింది. 2050లో ఎండకి మనుషులు బయట తిరగలేరు. సముద్రం వూళ్ళ మీదికి వచ్చేస్తుంది. గాలి సీసాల్లో కొనుక్కోవాలి. తను గాలి సీసాల కంపెనీ పెట్టి కోటీశ్వరురాలు అవుతుంది. చప్పట్లు!

తల్లి "బాగానే వుందిలే, పడుకో" అంది. ఆ రాత్రి పిల్ల నా పక్కనే పడుకుంది. లైటు ఆర్పేశాక చాలాసేపటికి, "పెద్దమ్మా! నిజంగా అలాగే అయిపోతుందా? అప్పటికి అమ్మా వాళ్ళు ముసలివాళ్ళు అయిపోతారు కదా, అంత ఎండ ఎలా తట్టుకుంటారు?" అని అడిగింది.

2050 నాటికి దానికి నలభై ఏళ్ళు కూడా నిండవు. మనకి అదేదో దూరపు మాటలా వినిపిస్తుంది గానీ, దానికి అది సంసారం చేసుకునే వయసు. 2021లో పది దేశాల్లో పదహారు నుంచి పాతికేళ్ళ లోపు వయసున్న పదివేల మందిని అడిగి ఒక సర్వే చేశారు. మన దేశం వాళ్ళూ అందులో వున్నారు. ఈ వాతావరణం సంగతి తల్చుకుంటే రాబోయే రోజులంటేనే భయం వేస్తోందని నూటికి డెబ్బై ఐదు మంది చెప్పారు. మన పిల్లలు పైకి సెల్ ఫోన్లు నొక్కుకుంటూ నిశ్చింతగా కనిపిస్తారు. లోపల ఈ బెంగ వుందని మనం కనిపెట్టం.

ఏమీ కాదులే పడుకో అంటే అబద్ధం. అవునమ్మా అంతా అయిపోయింది అంటే అది ఇంకా పెద్ద అబద్ధం. అందుకని ఆ రాత్రి దానికి నేనొక కథ చెప్పాను. కథంటే కల్పితం కాదు, జరిగిందే.

అరుణాచలం అమ్మాయి

మనవాళ్ళు పౌర్ణమికి బస్సులు కట్టించుకుని గిరిప్రదక్షిణకి వెళ్ళే తిరువణ్ణామలై వుంది కదా, మన అరుణాచలం! ఆ వూరి పిల్ల వినీషా ఉమాశంకర్. పన్నెండేళ్ళ వయసులో ఒకరోజు స్కూలు నుంచి ఇంటికి వస్తూంటే, వీధిలో ఇస్త్రీ బండి అతను కాలిపోయిన బొగ్గులు రోడ్డు పక్కన పారబోస్తూ కనిపించాడు. మనం రోజూ చూసే దృశ్యమే. చీరకి గంజి సరిగ్గా పట్టిందా లేదా అని చూస్తాం గానీ ఆ బొగ్గుల వైపు చూడం.

ఆ పిల్ల చూసింది. తన పేటలో అలాంటి బండ్లు ఎన్ని వున్నాయో లెక్కపెట్టింది. ఒక్కో బండికి రోజుకి సుమారు ఐదు కిలోల బొగ్గు కావాలని తెలుసుకుంది. అంత బొగ్గు రావాలంటే ఎన్ని చెట్లు కొట్టాలి? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ పొగ పీల్చేది ఎవరు? ఆ ఇస్త్రీ చేసే మనిషే కదా!

దాన్లోంచి పుట్టింది ఆమె బండి. సైకిలుకి తగిలించి తొక్కుకుంటూ వీధి వీధికీ వెళ్ళొచ్చు. పైకప్పు మీద సూర్యకాంతి పలకలు. మంచి ఎండలో ఐదు గంటలు వుంటే బ్యాటరీ నిండుతుంది, దాంతో ఆరు గంటలు ఇస్త్రీ చేసుకోవచ్చు. మబ్బు పట్టినప్పుడు కరెంటుతో కూడా బ్యాటరీ నింపుకోవచ్చు. నాకు అన్నింటికన్నా నచ్చిన సంగతి ఇంకోటి వుంది. ఆ బండికి సెల్ ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకునే ఏర్పాటు, డబ్బులు వేసి మాట్లాడే ఫోనూ కూడా పెట్టింది. ఎందుకంటారా? ఇస్త్రీ లేని వేళ నాలుగు డబ్బులు రావడానికి! గాలి బాగుపడితే సరిపోదు, బండి అతని పొయ్యి మీద కుండ కూడా వుడకాలి అని ఆలోచించిందన్నమాట. అదీ వ్యాపారం అంటే.

ఈ బండి నమూనాకి 2019లో అబ్దుల్ కలాం గారి పేరు మీద పిల్లలకిచ్చే ఇగ్నైట్ అవార్డు వచ్చింది. 2020లో స్వీడన్ నుంచి పిల్లల వాతావరణ బహుమతి వచ్చింది. 2021లో బ్రిటన్ యువరాజు విలియం పెట్టిన ఎర్త్‌షాట్ బహుమతికి చివరి వరసలో నిలిచింది. ఆ బహుమతి ఆమెకి రాలేదు. గాలిని శుభ్రం చేసే విభాగంలో అది పంట వ్యర్థాలని కాల్చి పారెయ్యకుండా పనికొచ్చే సరుకుగా మార్చే యంత్రానికి వెళ్ళింది. దాని వెనక వున్నదీ మన దేశం కుర్రాడే, విద్యుత్ మోహన్.

బహుమతి రాకపోతేనేం, ఆ ఏడాది నవంబరు 2న స్కాట్లండులోని గ్లాస్గోలో జరిగిన ప్రపంచ వాతావరణ సభలో మాట్లాడమని ఆమెనే పిలిచారు. దేశదేశాల అధినేతలు వచ్చిన సభ అది, మన ప్రధాని కూడా వెళ్ళారు. అంతమంది ముందు ఈ స్కూలు పిల్ల కొద్ది నిమిషాలు మాట్లాడింది. పెద్దలు ఇచ్చిన మాటలు నిలబెట్టుకోలేదని మా తరానికి కోపం వుంది, కానీ కోపగించుకుంటూ కూర్చునే తీరిక నాకు లేదు, నాకు పని చెయ్యాలని వుంది అన్నది ఆమె మాటల సారాంశం. తను విద్యార్థిని అనీ, కొత్తవి కనిపెట్టే మనిషిననీ, వ్యాపారం చేసే మనిషిననీ చెప్పుకుని, అన్నింటికన్నా ముందు ఆశ వదలని మనిషిని అంది.

కథ ఇంతవరకు చెప్పేసరికి మా పిల్ల లేచి కూర్చుంది. "అయితే పెద్దమ్మా, గాలి సీసాలు వద్దా?" అంది.

"గాలి సీసా కొనుక్కోలేని వాళ్ళ సంగతేమిటి మరి?" అన్నాను. అంతే, ఇంక మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను.

ఫ్రిజ్ వెనకాల కథ

మర్నాడు పొద్దున్నే దోసెలు తింటూ, "పిల్లలు మాట్లాడితే పెద్దవాళ్ళు వింటారా ఏంటి?" అని అడ్డంగా అడిగింది. ఎనిమిదో తరగతి పిల్లల ప్రశ్నలు అలాగే వుంటాయి.

వింటారని గట్టిగా చెప్పలేం. 1992లో బ్రెజిల్‌లోని రియో నగరంలో పెద్ద భూగోళ సభ జరిగింది. కెనడా దేశం నుంచి సెవెర్న్ సుజుకి అనే పన్నెండేళ్ళ అమ్మాయి, ముగ్గురు స్నేహితులతో కలిసి తామే చందాలు పోగుచేసుకుని అక్కడికి వెళ్ళింది. ఆరు నిమిషాలకి కాస్త అటూ ఇటూగా మాట్లాడింది. పైన ఓజోన్ పొరకి చిల్లు పడింది, ఎండలోకి వెళ్ళాలంటే భయంగా వుంది, బాగుచెయ్యడం మీకు చేతకాకపోతే పాడుచెయ్యడమైనా ఆపండి అని పెద్దల్ని నిలదీసింది. సభ అంతా నిశ్శబ్దం అయిపోయింది. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళలో కర్బన వాయువులు తగ్గాయా అంటే తగ్గలేదు, పెరిగాయి. పిల్లకి ఆ మాట దాచకుండానే చెప్పాను.

అయితే ఆ ఓజోన్ చిల్లు సంగతి వేరు. అది తెలుసుకోవాలంటే మన వంటింట్లోకే రావాలి. పాతకాలం ఫ్రిజ్‌లలో, ఏసీలలో, చప్పున కొట్టే సెంటు డబ్బాల్లో క్లోరోఫ్లోరోకార్బన్లు అనే వాయువులు వాడేవారు. అవి పైకి పోయి ఆ పొరని తినేసేవి. 1987లో మాంట్రియల్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకుని వాటిని ఒక్కొక్కటిగా మానేశాయి. మన దేశంలోనూ 2010 నాటికి ఆపేశారు. ఇప్పుడు ఆ పొర నెమ్మదిగా పూడుకుంటోంది. ప్రపంచంలో చాలాచోట్ల 2040 నాటికి, దక్షిణ ధ్రువం మీద 2066 ప్రాంతానికి పూర్వపు స్థితికి వస్తుందని శాస్త్రజ్ఞుల అంచనా. వీలుంటే మీ ఫ్రిజ్ కాస్త జరిపి వెనకాల అతికించిన కాగితం చూడండి. కొత్త ఫ్రిజ్ అయితే చాలావాటి మీద 'ఆర్ 600ఎ' అని వుంటుంది. ఆ పొరని పాడుచెయ్యని వాయువు అది.

"మనం ఫ్రిజ్ మానేశామా? మానలేదు. లోపలి గాలి మార్చారు" అని మా చెల్లెలు అట్లకాడతోనే వివరించింది. పెనం మీద దోసె మాడిపోయింది, అది వేరే సంగతి.

ఇంకొక కుర్రాడి మాట కూడా చెప్పాను. బోయన్ స్లాట్ అని, హాలండు అబ్బాయి. పదహారేళ్ళప్పుడు గ్రీసులో సముద్రంలోకి దిగితే చేపలకన్నా ప్లాస్టిక్ సంచులే ఎక్కువ కనిపించాయిట. 2012లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, సముద్రాన్ని ఎలా వూడ్చొచ్చో ఒక వేదిక మీద చిన్న ప్రసంగం చేశాడు. దాన్లోంచే ఒక సంస్థ పుట్టింది. 2018లో పసిఫిక్ సముద్రంలో దింపిన మొదటి పెద్ద సాధనం చెత్తని సరిగ్గా పట్టలేక, చివరికి విరిగిపోయి వెనక్కి వచ్చింది. మళ్ళీ మార్చి కట్టారు. 2021లో పనిచేసింది. ప్రసంగంలో అంతా సాఫీగానే వుంటుంది, నీళ్ళలో దింపాకే అసలు సంగతి తెలుస్తుంది. మొదటిసారి చేసిన మైసూరుపాకు సంగతి మనకి తెలియదా!

సున్నం చీటీ

ఇక అసలు ప్రశ్న మిగిలింది, మా పిల్ల ఏం మాట్లాడాలి?

ఇస్త్రీ బండి గురించి మాట్లాడితే అది వినీషా ప్రసంగం అవుతుంది, తనది కాదు. "నువ్వేం చూశావు?" అని అడిగాను. ముందు ఏమీ చూడలేదంది. ఆ మధ్యాహ్నం ఇంట్లో పనిచేసే ఆవిడ గిన్నెలు తోముతూ తోముతూ కళ్ళు తిరిగి గోడకి చేరగిలబడింది. మజ్జిగ ఇచ్చి కూర్చోబెడితే, "రాత్రి నిద్ర లేదమ్మా. ఇంకా ఎండలు ముదరకముందే రేకులు పొయ్యిలా కాలుతున్నాయి. పిల్లాడు అర్ధరాత్రి దాకా ఏడుపే" అంది.

చలి శివశివా అంటూ వెళ్ళిపోయిన వారమే ఇది! వైశాఖం వస్తే ఆ గదిలో ఎలా వుంటుందో? 2015 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకి పదిహేను వందల మందికి పైగా పోయారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్ళూ, ముసలివాళ్ళూ.

పిల్ల నోట్సు పుస్తకం తెచ్చుకుని ఆవిడ పక్కనే కింద కూర్చుంది. "అక్కా, మీ ఇంట్లో కిటికీలు ఎన్ని?" అంటూ మొదలుపెట్టింది.

మా అమ్మమ్మ ఎండాకాలం రాకముందే డాబా మీద సున్నం కొట్టించేది. ఎందుకో మేం ఎప్పుడూ అడగలేదు. తెల్లచీర కట్టుకుని ఎండలోకి వెళ్ళడానికీ, నల్లచీర కట్టుకుని వెళ్ళడానికీ తేడా మనకి తెలుసు, ఇదీ అంతే. తెల్లకప్పు ఎండని వెనక్కి కొడుతుంది, కింద గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా వేడి తగ్గుతుంది. 2010 మే నెలలో వడగాడ్పులకి వందలాది మంది పోయాక అహ్మదాబాదు నగరం 2013లో ఎండల కోసం ప్రత్యేకంగా ఒక ప్రణాళిక వేసుకుంది. అక్కడి బస్తీల్లో మహిళా హౌసింగ్ ట్రస్ట్ ఆడవాళ్ళు రేకుల ఇళ్ళకి తెల్లరంగులు వేయించే పని చేస్తున్నారు. తెలంగాణలో 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చారు. 2028 నాటికి మూడు వందల చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లబరచాలని అందులో లక్ష్యం. అమ్మమ్మ సున్నం బకెట్టు ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కిందన్నమాట!

సరే, సున్నం కొడతావు బాగానే వుంది, డబ్బు ఎవరిస్తారు? ఇక్కడే పిల్లలకి అమ్మ కావాలి. మా చెల్లెలు పచ్చళ్ళ లెక్కలో ఎంత గట్టిదో ఇందులోనూ అంతే. సున్నం ఎంత, అందులో కలిపే జిగురు ఎంత, కూలి ఎంత, రెండు పూతలకి ఎన్ని గంటలు అని పిల్ల చేత వరసగా వేయించింది. డాబా ఇళ్ళవాళ్ళు ఇచ్చుకోగలరు. రేకుల ఇళ్ళవాళ్ళు ఒక్కసారిగా ఇవ్వలేరు. అప్పుడు పిల్లే అంది, "అమ్మా, నువ్వు గిన్నెల చీటీ కడతావు కదా! అలా సున్నం చీటీ పెడితే?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

ఉగాదికి మొదలుపెట్టి నెలనెలా కొద్దికొద్దిగా కట్టాలి. శివరాత్రి నాటికి డబ్బు చేతికొస్తుంది. ఎండలు ముదిరేలోగా చీటీలో వున్న ఇళ్ళన్నింటికీ పూత పడిపోవాలి. ఆ పని చేసేది మగ మేస్త్రీలు కాదు, ఆ వీధి ఆడవాళ్ళే, కూలి వాళ్ళకే. 2050 నాటికి ఆ పిల్ల వూహలో విజయవాడ మొత్తం కొండ మీది నుంచి చూస్తే మల్లెచెండులా తెల్లగా వుంటుందిట!

పనావిడ అంతా విని రెండు మాటలంది. "రేకుల మీద సున్నం నిలవదు పాపా, ఒక్క వానకి కొట్టుకుపోద్ది." నిజమే. దానికి వేరే తెల్లరంగు కావాలి, ఖరీదు ఎక్కువ. పిల్ల లెక్క మళ్ళీ మొదటికి వచ్చింది. రెండో మాట ఇంకా గట్టిది. "ఆ రేకులు మావి కావు కదా. చల్లగా అయిందని ఇల్లుగలాయన అద్దె పెంచితే?"

దీనికి మా దగ్గర జవాబు లేదు. మా మరిది గారిని అడిగితే, "ఇది ప్రసంగంలో పెట్టకు, ఎవరైనా అడిగితే ఇరుక్కుంటావు" అన్నారు. పిల్ల వినలేదు. పెట్టింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి చీటీ వస్తే నాకు తోచిన మాట ఒకటి చెప్తాను. ఫోనులోంచి ఎత్తి రాయనివ్వకండి. ఐదు నిమిషాలంటే అరఠావుకి రెండు వైపులా, అంతకుమించి పట్టదు. మీరు కూరలు తరుగుతూ వుండగా ఎదురుగా నిలబెట్టి చెప్పించండి. ఎక్కడ మీకు అర్థం కాకపోతే అక్కడ ఆపండి. మీకు తెలియనిది అడగడానికి మొహమాటపడకండి, వినేవాళ్ళకీ అక్కడే తెలియదు. "మాకేం తెలుసు, మేం చదువుకోలేదు" అని పక్కకి తప్పుకునే తల్లుల్ని చూస్తే నాకు బాధగా వుంటుంది. నెల జీతంలో ఇంటిని నడిపే మనిషికి వ్యాపారం తెలియదంటే ఎలా నమ్మడం?

స్కూల్లో ఏమైందంటారా? మొదటి బహుమతి మబ్బుల్ని తోలుకొచ్చే రోబో గురించి మాట్లాడిన అబ్బాయికి వచ్చింది. కుర్రాడు బాగా మాట్లాడాడుట, చేతులు తిప్పుతూ. మా పిల్లకి అద్దె సంగతి చెప్తూ వుండగానే గంట కొట్టేశారు. ఒక టీచరు మాత్రం తరవాత పిలిచి, తమది పై అంతస్తు వాటా అనీ, జిగురు ఎంత కలపాలో రాసిమ్మనీ అడిగిందిట. బహుమతి రానందుకు సాయంత్రం దాకా మూతి ముడుచుకునే వుంది.

పనావిడ గిన్నెలు తోమడం అయిపోయాక చేతులు తుడుచుకుంటూ మా చెల్లెలి దగ్గరికి వచ్చింది.

"మా వీధిలో ఆరుగురు అడుగుతున్నారమ్మా. ఆ చీటీ ఉగాదికే మొదలెడతారా? నెలకి ఎంత?"

మా చెల్లెలు నా వైపు చూసింది. పిల్ల లోపలికి పరిగెత్తి నోట్సు పుస్తకం తెచ్చింది.